ఫోన్ చెయ్యని బాకీ: అప్పుల మధ్య అదుపు తప్పిన బీపీ, ఒక కేసు

ఈ కేసులో నేను రెండు తప్పులు చేశాను. అందుకే రాస్తున్నాను. మొదటిది డాక్టరుగా చేశాను, రెండోది లెక్కలు వచ్చన్న ధీమాతో చేశాను. రెండూ కాగితం మీద చూస్తే సరిగ్గానే కనిపిస్తాయి. పేషెంటు చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. గుర్తుపట్టగల వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. డబ్బు సంగతి అసలు అంకెల్లో చెప్పను. ఆయన నెల ఆదాయం 100 అనుకుందాం, మిగతావన్నీ ఆ వందలో భాగాలు.

నేపథ్యం

ఆయన వయసు నలభై దాటింది. ఇంట్లో భార్య, చదువుకునే ఇద్దరు పిల్లలు. ఐదేళ్ళుగా బీపీ, మూడేళ్ళుగా షుగర్. రెండింటికీ మందులు వాడుతూ మూడు నెలలకోసారి వచ్చి చూపించుకునేవారు. బీపీ 130/82 దగ్గర ఉండేది, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) 6.9. ఇలాంటి పేషెంటు తలుపు తీసుకుని లోపలికొస్తే డాక్టరుకు కాస్త ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. నిజం చెప్పాలంటే ఆయన మీద నేనెప్పుడూ పెద్దగా దృష్టి పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు.

తర్వాత వరసగా రెండుసార్లు రాలేదు. ఎనిమిది నెలలకు వచ్చినప్పుడు బీపీ 162/98, హెచ్‌బీఏ1సీ 8.4. బరువు పెద్దగా మారలేదు. కళ్ళ కింద నలుపు. “పని ఒత్తిడి, డాక్టర్ గారూ” అన్నారు.

మొదటి తప్పు

అప్పటిదాకా అదుపులో ఉన్న బీపీ ఉన్నట్టుండి పెరిగితే మూడు దారుల్లో ఆలోచించాలి. జబ్బు ముదిరిందా, బీపీని పెంచేది కొత్తగా ఏదైనా వచ్చి చేరిందా (నొప్పి మాత్రలు, ఉప్పు, నిద్రలేమి, కిడ్నీ సమస్య), లేక మందులు సరిగ్గా పడటం లేదా. మూడోదే అన్నిటికన్నా మామూలు కారణం. అది తెలిసే అడిగాను: “మందులు రోజూ వేసుకుంటున్నారా?”

“వేసుకుంటున్నాను.”

ఆ ప్రశ్నకు ఇంకో జవాబు రాదు. ఎదురుగా కోటు వేసుకున్న మనిషి అలా అడిగితే ఎవరైనా వేసుకుంటున్నాననే అంటారు. నేను ఆ మాట పట్టుకుని ముందుకెళ్ళిపోయాను. కిడ్నీ పరీక్ష బాగానే ఉంది. రెండు బీపీ మాత్రలకు తోడు మూడోది, యూరిన్ ఎక్కువగా వచ్చేలా చేసేది, రాశాను. షుగర్ మాత్ర డోసు కూడా పెంచాను. రెండు మందులకు లొంగని బీపీకి మూడోది చేర్చడం సరైన పద్ధతే. లొంగకపోవడం అనేది నిజమైతే.

మూడు వారాలకు వచ్చినప్పుడు 154/96. ఇంకో పది రోజులకు ముందే చెప్పిన విజిట్‌కి వచ్చారు, కుర్చీలోంచి లేస్తూ గోడ పట్టుకున్నారు. పొద్దున స్నానం చేసి బయటికొస్తుంటే కళ్ళు బైర్లు కమ్మాయట. బీపీ చూస్తే 98/60.

అదే మనిషి, అదే మందుల చీటీ. పది రోజుల కింద 154, ఇవాళ 98. జబ్బు ముదిరితే ఇలా ఉండదు. మందు పనిచెయ్యకపోయినా ఇలా ఉండదు. మందు చాలా బాగా పనిచేస్తోంది, కాకపోతే ఒంట్లో పడిన రోజు మాత్రమే. డాక్టరు దగ్గరికెళ్ళే ముందు మూడు నాలుగు రోజులు బుద్ధిగా మందులు వేసుకోవడం కొత్త సంగతేమీ కాదు, పరీక్షకు ముందు పిల్లలు చదివినట్టు. ఈసారి ఆయన మూడు రకాలూ వరసగా నాలుగు రోజులు వేసుకుని వచ్చారు. ఆ మూడోది అవసరం లేకుండా రాసింది నేను. స్నానాల గది దగ్గర పడి తల పగిలి ఉంటే ఆ పాపం నాది.

మందులు చూపించమన్నాను. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. స్ట్రిప్పులు నిండుగా లేవు. కత్తెరతో కత్తిరించి విడిగా అమ్మిన ముక్కలు, ఒకదాని మీద మందు పేరు సగమే ఉంది. పది మాత్రల స్ట్రిప్పుగా కొన్నది ఒక్కటే, దాంతో పాటు బిల్లు. నాలుగో తారీఖున కొన్నారు. రోజుకొకటి చొప్పున పదమూడో తారీఖుకి అయిపోవాలి. నేను చూసింది ఇరవై ఒకటిన, ఇంకా రెండున్నాయి. చివరి నాలుగు రోజుల నాలుగూ తీసేస్తే, అంతకు ముందు రెండు వారాల్లో వేసుకున్నవి నాలుగు.

ఈసారి ప్రశ్న మార్చాను. “చాలామందికి నెలాఖరుకి మందులకు డబ్బు సరిపోదు. మీకు ఈ నెల ఎన్ని రోజులు అలా అయింది?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: “అప్పులున్నాయి డాక్టర్ గారూ. వాళ్ళు ఫోన్ చేస్తారు. మందుల షాపతను ఫోన్ చెయ్యడు కదా.”

ఈ కేసంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. ఆయన నిర్లక్ష్యం చెయ్యలేదు. చేతిలో ఉన్న డబ్బు అందరికీ చాలనప్పుడు ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకు వెళ్తుంది. ఇంటి ఓనరు అడుగుతాడు, స్కూలు అడుగుతుంది, అప్పులవాళ్ళు రోజుకు పదిసార్లు అడుగుతారు. ఒంటికి పడిన బాకీకి ఫోన్ రాదు. వచ్చేసరికి అది గుండెపోటుగానో పక్షవాతంగానో వస్తుంది, అప్పుడు మొత్తం ఒకేసారి కట్టమంటుంది.

లెక్కల కంటే ముందు

అప్పుల జాబితా అడగబోయి ఆగాను. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. అప్పుల్లో ఉన్న మనిషికి నిద్ర లేదంటే డిప్రెషన్ ఉందేమో చూడాలి. మేం వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక, పీహెచ్‌క్యూ-9, తీశాను. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్నను గొణిగి దాటెయ్యకూడదు, నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు.

“నేను లేకపోతే ఇంట్లోవాళ్ళకు తేలికవుతుందేమోనని రెండుసార్లు అనిపించింది” అన్నారు. ఏదైనా చేసుకోవాలని అనుకున్నారా, ఎలాగో ఆలోచించారా అని అడిగాను. లేదన్నారు. తొందర లేనట్టు ఇంకోసారి అడిగాను. లేదన్నారు. నాతో ఉన్నప్పుడే భార్యకు ఫోన్ చేసి పిలిపించడానికి ఒప్పుకున్నారు. ఆవిడకు అప్పులున్నాయని తెలుసు, ఎన్నో తెలియదు, ఈ ఆలోచన సంగతి అసలే తెలియదు. మానసిక వైద్యంలో ఉన్న సహోద్యోగి దగ్గరికి ఆ వారంలోనే పంపాను, నేను మూడో రోజున మళ్ళీ చూశాను. బీపీ 98/60 చూసిన రోజున మాత్రం బడ్జెట్ ఊసు ఎత్తలేదు. మూడో మాత్ర ఆపి, మిగతావి రోజూ వేసుకోమని, అప్పటికి సరిపడా మందులిచ్చి పంపించాను.

అప్పుల పట్టిక

తర్వాతి వారం ఇద్దరూ కలిసి వచ్చారు. ఇంట్లో ఒకరికి ఆపరేషన్, ఆ వెంటనే ఆయనకు మూడు నెలలు పని లేకపోవడం, అలా మొదలైంది. తిరిగి పని దొరికేసరికి నాలుగు రకాల అప్పులు, వాటికి తోడు ఒక చేబదులు.

బ్యాంకు పర్సనల్ లోన్, నెలకు 14. క్రెడిట్ కార్డు మీద 90 బాకీ, నెలకు నూటికి 3 వడ్డీ, ఆయన కడుతున్నది 5. ఫోన్ యాప్‌లలో తీసుకున్న చిన్న అప్పులు రెండు, కలిపి నెలకు 9, ఒకటి తీర్చడానికి ఇంకొకటి తీస్తూ తిరగేస్తున్నారు. ప్రైవేటుగా తెచ్చింది 60, నెలకు నూటికి 5 వడ్డీ, అంటే ప్రతి నెలా 3 వడ్డీ మాత్రమే వెళ్తోంది. స్నేహితుడి దగ్గర చేబదులు 40, వడ్డీ లేదు, గడువు లేదు. నెలకు మొత్తం 31.

అద్దె 22, పిల్లల చదువు 9, సరుకులు 24, కరెంటు, ఫోను, ప్రయాణం కలిపి 11. ఇవి 66. నేను రాసిన మందులు, పరీక్షలు సక్రమంగా జరిగితే నెలకు 6. అంతా కూడితే 103. వంద వచ్చే చోట 103 ఖర్చు. ఆయన మందుల మీద పెడుతున్నది 2, అప్పుడు మొత్తం 99. నాలుగు ఎక్కడ కోశారో పెన్ను పెట్టి చూపించక్కర్లేకుండానే తెలిసిపోయింది. పైగా బీపీ తగ్గలేదని నేను ఇంకో మాత్ర చేర్చి ఆ లెక్కను మరింత బిగించాను.

ఈ పట్టిక తయారవడానికి గంటన్నర పట్టింది. ఆయన తెలివైనవారు, ఉద్యోగంలో లెక్కలు చూసే మనిషి. అయినా ఏ అప్పు ఎంతో చెప్పడానికి తడబడ్డారు, ఒకదాన్ని రెండుసార్లు చెప్పారు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం గుర్తొచ్చింది. తమిళనాడు చెరకు రైతులను కోతకు ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత తర్వాత డబ్బు చేతికొచ్చాక ఒకసారి పరీక్షించారు. అదే రైతు, డబ్బు లేనప్పుడు ఆలోచనా పరీక్షల్లో వెనకబడ్డాడు. డబ్బుకు కటకటగా ఉన్న మనిషి బుర్రలో సగం చోటు ఆ కటకటే ఆక్రమిస్తుంది. అలాంటి మనిషికి నేను ఆహార నియమాల కాగితం, వ్యాయామం కాగితం, షుగర్ పట్టిక ఇచ్చి పంపేదాన్ని.

రెండో తప్పు

సరే, ఇక నేను మేనేజరునయ్యాను. అప్పులు తీర్చడంలో పుస్తకాల సలహా ఒకటుంది: అన్నిటికీ కనీసం కట్టు, మిగిలింది ఎక్కువ వడ్డీ ఉన్నదానిలో పొయ్యి. లెక్క ప్రకారం తిరుగులేదు. ఇక్కడ ఎక్కువ వడ్డీ ప్రైవేటు అప్పుది. నెలకు 3 చొప్పున 20 నెలలు కడితే తెచ్చిన 60 అంతా వడ్డీగానే వెళ్ళిపోతుంది, అసలు మాత్రం 60 దగ్గరే కూర్చుంటుంది. అది చూస్తే నాకు కోపం వచ్చింది. ముందు దీన్ని తెంచాలనుకున్నాను.

మందులకు 6 పక్కన పెడితే తీర్చడానికి మిగిలేది లేదు. కోయగలిగింది ఏమిటని చూస్తే సరుకులు 24. అద్దె కోయలేం, చదువు కోయలేం. “సరుకులు 18కి తెద్దాం, కొన్నాళ్ళే” అన్నాను. ఇద్దరూ తలూపారు. ఆవిడ అసలేమీ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు అప్పుడు వినపడలేదు.

మూడు నెలల తర్వాత బీపీ కాస్త మెరుగు, 144/90. హెచ్‌బీఏ1సీ మాత్రం 8.8, తగ్గకపోగా పెరిగింది. మందులు వేసుకుంటున్నారు, లెక్కపెట్టి చూశాను. ఎందుకు పెరిగింది? సరుకుల్లో నాలుగో వంతు కోస్తే పళ్ళెంలో అన్నీ సమానంగా నాలుగో వంతు తగ్గవు. కడుపు నింపే పిండిపదార్థం చవక, అది తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ప్రోటీన్, కూరగాయలు, పళ్ళు పోతాయి. షుగర్ ఉన్న మనిషికి సరిగ్గా ఏది ఉండాలో అది పోయి, ఏది తగ్గాలో అది మిగిలింది. ఆ కోత నా చేత్తో కోసిందే.

అదే రోజు భార్య తన సంగతి చెప్పారు, వెళ్ళబోతూ, తలుపు దగ్గర. మెట్లెక్కితే ఆయాసమొస్తోందని. కింది రెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 9.2.

“నిన్న రాత్రి ఏం తిన్నారు?” అని అడిగాను.

“అందరూ తిన్నాక చూసుకుని తిన్నానండి.”

“ఏం మిగిలింది?”

ఆవిడ నవ్వేసి ఊరుకున్నారు.

మూడు నెలల్లో హిమోగ్లోబిన్ ఇంత పడదు. ముందునుంచే రక్తం తక్కువగా ఉండి ఉంటుంది, నెలసరి ఎక్కువగా అవుతోందని తర్వాత తెలిసింది. అయినా నా లెక్క దాన్ని తోసింది, సందేహం లేదు. బడ్జెట్‌లో “సరుకులు” అని ఒకే గడి రాసుకున్నాను. ఆ గడిలో నలుగురి పళ్ళేలున్నాయి. వడ్డించే చెయ్యి ముందు తన పళ్ళెంలోంచే తీస్తుందని నాకు తట్టలేదు. ఒక పేషెంటు బీపీ చూస్తూ, నా చీటీ మీద పేరు లేని ఇంకో మనిషిని పేషెంటును చేశాను.

మళ్ళీ మొదటినుంచి

ఈసారి మొదటి కోత నా చీటీ మీదే పెట్టాను. ఇంట్లోవాళ్ళు కోసుకోవడానికి ఏముందని చూసేముందు, నేను వాళ్ళతో పెట్టిస్తున్న ఖర్చులో ఏది నిజంగా అవసరమో చూడాలి. చీటీలో ఏడు ఉన్నాయి. గ్యాస్ మాత్ర రెండేళ్ళ కింద పదిహేను రోజులకని రాసింది, ఎవరూ ఆపలేదు. అది తీసేశాను. బలానికి విటమిన్ క్యాప్సూలు తీసేశాను. నరాలకని ఉన్న బీ12 మాత్ర దగ్గర ఆగాను. ఆయన వాడే షుగర్ మాత్ర, మెట్‌ఫార్మిన్, ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 తగ్గవచ్చు, కాబట్టి ఊరికే కొట్టెయ్యకూడదు. పరీక్ష చేయించాను, బాగానే ఉంది, తీసేశాను. ఎప్పుడో ఆపిన మూడో బీపీ మాత్ర కాగితం మీద ఇంకా ఉంది, దాన్నీ గీసేశాను. మిగిలిన రెండు బీపీ మందులూ కలిసి ఒకే మాత్రగా దొరుకుతాయి, దానికి మార్చాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977 నుంచి అత్యవసర మందుల జాబితా ప్రచురిస్తోంది, బీపీకి ఇలాంటి రెండు మందుల కలయికలు 2019లో ఆ జాబితాలో చేరాయి. ఒకే మాత్ర అయితే రెండింట్లో ఒకటి మానేసే అవకాశమే ఉండదు. బ్రాండు పేరుకు బదులు జనరిక్ పేరు రాశాను. అసలు మందు అదే, డోసు అదే.

ఏడు కాస్తా రెండయ్యాయి. పరీక్షలతో కలిపి నెల ఖర్చు 6 నుంచి 2.5కి దిగింది. ఆయన అరకొరగా వేసుకుంటూ పెడుతున్నది 2. అంటే ఇన్నాళ్ళూ ఆ ఇంటికి తక్కువపడింది వందలో 0.5. చీటీ ముందే సరిచూసి ఉంటే 162/98 వచ్చేదే కాదేమో.

రెండో నిర్ణయం, ఆ 2.5 ఎప్పుడు కట్టాలి అన్నది. జీతం పడిన రోజే, ఏ వాయిదా కట్టకముందే, ముప్పై రోజుల మందులూ ఒకేసారి కొనాలి. విడి ముక్కలు కొనకూడదు. ఇది పొదుపు కిటుకు కాదు. రోజూ “ఇవాళ మందు కొనాలా, వాయిదా కట్టాలా” అని తేల్చుకోవాల్సిన పని లేకుండా చెయ్యడం. ఇంట్లో మాత్ర ఉంటే వేసుకుంటారు, అంతే. నెలకోసారి డబ్బున్న రోజున తీసుకునే నిర్ణయం, డబ్బు లేని ఇరవయ్యో తారీఖున తీసుకునే నిర్ణయం కన్నా మెరుగ్గా ఉంటుంది. ఆవిడ క్యాలెండర్‌లో మొదటి గడిలో “డాక్టరమ్మ వాయిదా” అని రాశారు. పేరు ఆవిడ పెట్టిందే.

సరుకులు తిరిగి 24. ఇక దాని జోలికి వెళ్ళలేదు. మారింది లోపలి పంపకం. ప్రోటీన్ ఇచ్చేవి ముందు కొనాలి, చిరుతిళ్ళ ప్యాకెట్లు ఆఖరున, మిగిలితేనే. ప్యాకెట్లు తగ్గితే ఉప్పు కూడా తగ్గుతుంది. రోజుకు 5 గ్రాములలోపు ఉండాలన్నది లెక్క, అది కొలిచి ఎవరూ తినరు కాబట్టి ఆ అంకె వాళ్ళకు చెప్పలేదు. వడ్డించేటప్పుడు ఆవిడ పళ్ళెం కూడా మిగతావాటితో పాటే నింపాలి, తర్వాత కాదు. ఈ ఒక్కటి ఆయన బాధ్యత అన్నాను. ఆవిడకు చెప్తే నవ్వేసి ఊరుకుంటారని తెలుసు.

అప్పుల వరస కూడా మార్చాం. ఎక్కువ వడ్డీది ముందు అన్న సూత్రం తప్పు కాదు, కానీ అది చేతిలో మిగులు ఉన్నవాళ్ళ సూత్రం. వీళ్ళకు మిగులే లేదు. ప్రైవేటు అప్పులో 10 అసలు తీరిస్తే నెలకు ఆదా అయ్యేది 0.5. యాప్ అప్పుల్లో మిగిలింది 27. కొత్తది తియ్యకుండా మూడు నెలలు ఓపిక పడితే అవి తీరిపోయి ప్రతి నెలా 9 ఖాళీ అవుతుంది. ఊపిరి కావాల్సిన మనిషికి ముందు చూడాల్సింది వడ్డీ శాతం కాదు, ఏ అప్పు మూసుకుంటే నెలకు ఎంత వదులవుతుందన్నది. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పు భారం తగ్గినవాళ్ళ మీద సింగపూర్‌లో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, ఎంత సొమ్ము తీరిందన్నదే కాక ఎన్ని అప్పు ఖాతాలు మూసుకున్నాయన్నది కూడా ఆందోళన తగ్గడానికి, ఆలోచన తేటపడడానికి తోడ్పడింది. ప్రతి ఖాతా బుర్రలో ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

కొత్త యాప్ అప్పు తియ్యకుండా ఉండాలంటే ఆ మూడు నెలల్లో ఏదైనా ఊడిపడితే తట్టుకోవాలి. దానికి బ్యాంకును కదిలించాం. వాయిదా తప్పకముందే వెళ్ళి గడువు పొడిగించమని అడిగితే వినే అవకాశం ఎక్కువ, తప్పాక అదే మాట వేరేగా వినిపిస్తుంది. ఫోన్‌లో మొదట కుదరదన్నారు. రాతపూర్వకంగా, ఆదాయం కాగితాలతో అడిగితే ఒప్పుకున్నారు. 14 కాస్తా 11 అయింది. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కట్టాలి, అది నష్టమే. తెలిసే ఒప్పుకున్నాం. మిగిలిన 3.5లో 2 అత్యవసరానికి పక్కన పెట్టారు, 1.5 ఆవిడ ఐరన్ మాత్రలకు, పరీక్షలకు. కార్డు వాడకం ఆపేశారు. వాడకుండా నెలకు 5 కడితే 2.7 వడ్డీకి పోయినా 2.3 అసలుకు పడుతుంది. వాడుతూ 5 కడితే ఏమీ పడదు, ఇన్నాళ్ళూ జరిగింది అదే.

ఫోన్ల సంగతి నేను చిన్న విషయమనుకున్నాను, కాదని తేలింది. వసూళ్ళ కాల్స్ పొద్దున్నుంచి రాత్రి దాకా వచ్చేవి. సాయంత్రం అరగంట కేటాయించి, అప్పుడు మాత్రమే ఎత్తుతానని అందరికీ మెసేజ్ పెట్టమన్నాను. ఏం చెప్పాలో మూడు వాక్యాలు రాసిచ్చాను: ఇంత కట్టగలను, ఈ తారీఖున కడతాను, అంతకు మించి మాటివ్వలేను. ఎవరైనా బెదిరిస్తే తారీఖు, సమయం, అన్న మాటలు రాసుకోమన్నాను. రాత్రిళ్ళు ఫోన్ పడగ్గదిలో ఉండకూడదు. ఆ అరగంటా ఆయన నడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టారు, ఇంట్లో పిల్లలు వినకూడదని. వారానికి 150 నిమిషాల నడక కావాలని నేను మూడేళ్ళుగా చెప్తున్నది అలా మొదలైంది. నా గొప్ప ఇందులో ఏమీ లేదు.

ఎలా సాగింది

నాలుగు గంటల నిద్ర ఆరయింది, తర్వాత ఆరున్నర. మూడో నెలలో యాప్ అప్పులు మూసుకున్నాయి. ఖాళీ అయిన 9లో 1.5 సరుకులకు, 1.5 అత్యవసరానికి, 6 ప్రైవేటు అప్పు కోసం కూడబెట్టడానికి. రెండు నెలలకోసారి 10 చొప్పున అసలు తీరుస్తానంటే అవతలివాళ్ళు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. ఏడో నెలలో చిన్నబాబుకు జబ్బు చేసింది. అత్యవసరంలోంచి 8 తీశారు, ఒక విడత వాయిదా పడింది. ఆయన తల దించుకుని, ప్లాన్ చెడగొట్టానన్నట్టు ఆ మాట చెప్పారు. ఆ డబ్బు పక్కన పెట్టింది అందుకే కదా అన్నాను. ఆ నెల కొత్త అప్పు పుట్టలేదు, మందుల స్ట్రిప్పూ ఖాళీ కాలేదు. నాకు అదే పెద్ద ఫలితం.

పద్నాలుగో నెలకు ఇంట్లో చూసుకున్న బీపీ సగటు 130/82. హెచ్‌బీఏ1సీ 8.8 నుంచి 7.6, తర్వాత 7.1. ఆవిడ హిమోగ్లోబిన్ నాలుగు నెలల్లో 11.8కి వచ్చింది, నెలసరికీ వైద్యం జరిగింది, మామూలుకొచ్చాక కూడా ఐరన్ నిల్వల కోసం ఇంకో మూడు నెలలు మాత్రలు కొనసాగించాం. కార్డు బాకీ 90 నుంచి 51. ప్రైవేటు అప్పు 60 నుంచి 20.

నా క్లినిక్‌లో మారింది కొంచెమే. “మందులు వేసుకుంటున్నారా” అని అడగడం మానేశాను. “పోయిన నెల ఎన్ని రోజులు కుదరలేదు” అని అడుగుతున్నాను, స్ట్రిప్పులు తెమ్మంటున్నాను. బీపీ పెరిగిందని కొత్త మందు రాసేముందు పాత చీటీలో ఒకటైనా కొట్టెయ్యగలనా అని చూస్తున్నాను. ఇంకొకటి, బడ్జెట్ మాట వస్తే వంటచేసే మనిషి లేకుండా మాట్లాడను. రద్దీ రోజుల్లో ఇవన్నీ జరగవు. అలాంటి రోజున మూడో మాత్ర రాసిన చెయ్యి ఇప్పుడూ నాదే కాబట్టి చెప్తున్నాను.

తేలనిది ఒకటి మిగిలింది. చేబదులు 40. వడ్డీ లేదు, స్నేహితుడు ఒక్కసారి కూడా అడగలేదు. పట్టికలో దాన్ని ఆఖరున పెట్టాను, లెక్క ప్రకారం దాని చోటు అదే. పదో నెలలో ఆయన నాతో చెప్పకుండా అందులో 1 పంపించారట, ఆ స్నేహితుడు వెనక్కి పంపేశాడు. మొన్న ఇంటి బీపీ చార్టు చూస్తుంటే నెలంతా 130ల్లో ఉన్న అంకెల మధ్య ఒక రోజు 150/94 కనిపించింది. పక్కన పెన్సిల్‌తో చిన్నగా “బస్‌లో కలిశాడు” అని రాసుంది. ఏమన్నాడని అడిగాను. “ఏమీ అనలేదు డాక్టర్ గారూ, పిల్లలెలా ఉన్నారని అడిగాడు” అన్నారు.